ప్లేటు మార్చుకునే జీను: చాలాకాలం వాడాక

ఈ జీను కొన్నది ఒకే ఒక్క సదుపాయం చూసి: ముందువైపు గల్లెట్ ప్లేటు (మూపు మీద వంపుగా ఉండే లోహపు పట్టీ) విప్పి, వేరే వెడల్పుది వేసుకోవచ్చు. గుర్రం లావైనా చిక్కినా ఇక దిగులు లేదని అడిగినవాళ్లందరికీ చెప్పేదాన్ని.

అది చాలావరకు నిజమే. మా గుర్రానికి కాలు బెణికి కొన్ని నెలలు కొట్టంలోనే ఉండిపోయింది. మూపు వెనక కండ కరిగి రెండు పక్కలా గుంటలు పడ్డాయి. మామూలు జీనైతే ముందుకు దిగబడి మూపు ఎముక మీదే కూర్చునేది. వెడల్పు ప్లేటు తీసి ఇరుకుది బిగించాం, స్క్రూడ్రైవర్‌తో అయిపోయిన పని. నేనెక్కి కూర్చున్నా మూపు పైన 2, 3 వేళ్లు దూరేంత సందు ఉండేది. కండ పట్టేకొద్దీ మళ్లీ వెడల్పువి వేసుకుంటూ వచ్చాం. జీను ఒరుసుకున్నచోట వచ్చే తెల్లవెంట్రుక అక్కడ ఒక్కటీ రాలేదు.

తర్వాత ఒకరోజు స్వారీ అయ్యాక జీను దించితే వీపంతా చెమట, ఎడమవైపు అరచేయంత మేర మాత్రం పొడి. జీను మరీ గట్టిగా నొక్కినా, అసలు తాకకపోయినా పొడిగానే ఉంటుంది కాబట్టి వేళ్లతో నొక్కి చూశాను. గుర్రం నొప్పితో వెంటనే వీపు కిందికి దించేసింది. గర్త్ (పొట్ట కింది పట్టీ) బిగిస్తుంటే చెవులు వెనక్కి వాల్చడం అప్పటికే మొదలైంది, కొట్టంలో అందరూ దాన్ని పొగరు కింద జమకట్టారు.

జీను గుర్రానికి సరిపోయేలా సర్దే శాడిల్ ఫిట్టర్ వచ్చి, కింద గుడ్డ లేకుండా ఉత్త జీను పెట్టి చెయ్యి పోనిచ్చింది. ముందూ వెనకా ఆనుతోంది, నడుమ ఖాళీ. ప్లేటు మారిస్తే మారేది ముందు భాగమే, లోపలి ట్రీ (జీను చట్రం) పొడవునా ఉన్న వంపు అలాగే ఉంటుంది. మా గుర్రం వీపు నడుమ కాస్త పల్లం. పైగా ఎడమ ప్యానెల్‌లో (జీను అడుగున వీపుకు ఆనే మెత్తలో) ఉన్ని గడ్డకట్టింది. ఆవిడ ఆ గడ్డ తీసి, నడుమ కొత్త ఉన్ని కూరాక చెమట సమంగా పడుతోంది. ఫోమ్ ప్యానెలైతే ఈ సర్దుబాటు కుదిరేది కాదు. కాకపోతే ఉన్ని అణుగుతూనే ఉంటుంది, ఆర్నెల్లకోసారి చూపించుకోక తప్పదు.

17 అంగుళాల సీటు నాకు హాయిగా ఉంది. తొడ పొడుగున్న మా చెల్లికి మోకాలు ఫ్లాప్ (జీను పక్కన వేలాడే తోలు రెక్క) దాటి ముందుకొచ్చేస్తుంది. పెద్ద సైజుకి వెళ్దామంటే మాది పొట్టి వీపు గుర్రం, జీను చివరి పక్కటెముక దాటి నడుం మీదికి పోతుంది.

నాకున్నది ఒక్క గుర్రం, దూకించేది తక్కువ, ఫిట్టర్ పిలిస్తే వస్తుంది. ఈ లెక్కలో నాకు నచ్చింది. ప్లేట్లు మారుస్తూ రెండు మూడు గుర్రాలకు ఒకే జీను నడిపేద్దామనుకుంటే మాత్రం కొనమని చెప్పను. ఉన్ని రోజూ మోసే వీపుకే కుదురుకుంటుంది.