గేర్‌బాక్సు ఆయిల్ వేడిని ఫోన్‌లో చూసుకుంటూ నాలుగేళ్లు: టార్క్ ప్రో యాప్ సమీక్ష

నా కారు 2017 నాటి పెట్రోలు ఆటోమేటిక్. దాని డ్యాష్‌బోర్డులో వేడిని చూపే ముల్లు లేదు. ఇంజన్ చల్లగా ఉంటే నీలం దీపం, వేడి మితిమీరితే ఎర్ర దీపం, అంతే. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు మీదుగా ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లే దారిలో, రోజూ ఒకటో గేరుకూ రెండో గేరుకూ మధ్య నలిగే ఈ బండిలో గేర్‌బాక్సు ఆయిల్ ఎంత వేడెక్కుతోందో తెలుసుకోవాలన్న కోరికతోనే నాలుగేళ్ల కిందట టార్క్ ప్రో కొన్నాను. ఇది ఆండ్రాయిడ్ ఫోన్లకు మాత్రమే ఉన్న యాప్.

స్టీరింగు కింద, కారు కంప్యూటర్ల సమాచారాన్ని బయటికి చదువుకోవడానికి ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో బ్లూటూత్ అడాప్టరును గుచ్చి ఫోనుతో జత చేయగానే ఇంజన్ వేగం, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత, ఇంజన్ పీల్చే గాలి ఉష్ణోగ్రత, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటరు ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) వంటివి కనిపిస్తాయి. ఇవి అన్ని కంపెనీలకూ ఉమ్మడి ప్రమాణంలో ఉన్నవి కనుక యాప్‌కు ముందే తెలుసు. గేర్‌బాక్సు ఆయిల్ ఉష్ణోగ్రత వంటివాటిని మాత్రం చాలా కంపెనీలు 22 అనే మోడ్‌లో (ప్రశ్నల వర్గంలో), ఎవరి సంకేతాలు వారు పెట్టుకుని ఉంచుతాయి. వాటిని చూడాలంటే యాప్‌లోని అదనపు సెన్సర్ల పట్టికలో పేరు, సంకేతం, కనిష్ఠ గరిష్ఠ విలువలు, కొలమానం, సూత్రం, కారులోని ఏ కంప్యూటరును అడగాలో చెప్పే హెడర్ అన్నీ మనమే నింపాలి.

సూత్రం అంటే భయపడనక్కర లేదు. ఉమ్మడి జాబితాలోని కూలెంట్‌నే తీసుకుందాం. 01 అనే ఉమ్మడి మోడ్‌లో కూలెంట్ సంకేతం 05 కనుక, 01 05 అని అడిగితే కారు 41 05 7బి అని జవాబిస్తుంది. మొదటి రెండూ మన ప్రశ్నకు గుర్తు. మిగిలిన 7బి అసలు విలువ, దానినే యాప్ ‘ఎ’ అంటుంది. పదికి బదులు పదహారు చొప్పున లెక్కించే కంప్యూటరు పద్ధతిలోని 7బి మన లెక్కలో 123. అందులోంచి 40 తీసేస్తే 83 డిగ్రీలు. సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిని కూడా ఒకే బైటులో చెప్పగలగడానికి ఆ 40 కలిపి పంపుతారు.

ఈ 40 దగ్గరే నేను దెబ్బతిన్నాను. ఇదే మోడల్ కారున్న ఒక పరిచయస్తుడు ఇచ్చిన సంకేతాన్నీ సూత్రాన్నీ అలాగే ఎక్కించి రెండు నెలలు తిరిగాను. ట్రాఫిక్‌లో ఆయిల్ 121, 126 అని చూపుతుంటే గుండె దడదడలాడేది; గేర్‌బాక్సు పాడైపోతోందనుకుని ఆయిల్ మార్పించడానికి కూడా సిద్ధపడ్డాను. జనవరిలో ఒక తెల్లవారుజామున, రాత్రంతా కదలని కారులో ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి చూస్తే కూలెంట్ 18, గాలి 18, గేర్‌బాక్సు ఆయిల్ 58 అని ఉంది. పది గంటలు చల్లారిన బండిలో ఆయిల్ ఒక్కటే వేడిగా ఉండడం అసంభవం. తేడా సరిగ్గా 40. సూత్రంలో తీసివేత లేదు. అంటే నన్ను నిద్రపోనివ్వని ఆ 126 నిజానికి 86.

అప్పటినుంచి ఉష్ణోగ్రత చూపే ఏ కొత్త సెన్సరును చేర్చినా ఈ తెల్లవారుజాము పరీక్ష పెట్టకుండా నమ్మను. పీడనానికి కూడా ఇలాంటి పరీక్షే ఉంది: ఇంజన్ ఆగి ఉన్నప్పుడు మ్యానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) పీడనం బయటి గాలితో సమానంగా ఉండాలి. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో నా ఫోన్ 91 కిలోపాస్కల్ చూపుతుంది. మొగిలి ఘాట్ దిగి తిరుపతి చేరాక, అలిపిరి దగ్గర అదే 99 అయింది. అక్కడినుంచి తిరుమల కొండ ఎక్కేటప్పుడు సరిచేసిన సూత్రంతో ఆయిల్ 98 వరకు వెళ్లి నిలిచింది. ఆ రోజు నాకు కలిగిన నిశ్చింతకు యాప్ ఖరీదు ఒక లెక్క కాదు.

మరొక మేలు కూడా చెప్పాలి. ఒకసారి ఇంజన్ దీపం వెలిగి, గాలికి తగినంత ఇంధనం లేదని చెప్పే పీ0171 కోడ్ వస్తే, ఒక సర్వీస్ సెంటరులో ఆక్సిజన్ సెన్సర్ మార్చాలన్నారు. యాప్‌లో చూస్తే దీర్ఘకాలిక ఫ్యూయల్ ట్రిమ్ ఐడ్లింగ్‌లో +19 శాతం, ఇంజన్‌ను నిమిషానికి 2500 చుట్లు తిప్పితే +4. సెన్సర్ చెడితే ఇంత తేడా రావడం అరుదు. ఎక్కడో గాలి దూరుతోందని అర్థం. మా వీధి మెకానిక్కుకు ఆ అంకెలు చూపించగానే ఆయన వాక్యూమ్ గొట్టాలన్నీ తడిమి, మడత దగ్గర చిట్లిన దానిని పట్టుకున్నారు.

అడాప్టరు విషయంలో పిసినారితనం పనికిరాదు. నేను మొదట కొన్న చౌక అడాప్టరు ఉమ్మడి సెన్సర్లన్నీ చక్కగా చూపింది గానీ, హెడర్ మార్చి అడిగిన ప్రతిసారీ డేటా లేదనే చెప్పింది. తప్పు నా సూత్రంలో ఉందనుకుని మూడు వారాలు వృథా చేశాను. అడాప్టరు మార్చిన రోజే అవే సంకేతాలకు జవాబులు వచ్చాయి. ఇంకొకటి, ఓబీడీ సాకెట్‌లోని 16వ పిన్నుకు తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. సంక్రాంతికి రైల్లో రాజమండ్రి వెళ్లి పది రోజులకు తిరిగి వస్తే, గుచ్చి మరచిన అడాప్టరు బ్యాటరీని పూర్తిగా పీల్చేసింది. ఇప్పుడు కారు దిగే ముందే దానిని తీసి గ్లవ్‌బాక్సులో పెడుతున్నాను.