అమీర్‌పేట ఏఐ కోర్సు: పాఠం ఓకే, ప్లేస్‌మెంట్ మాట నమ్మకండి

మైత్రివనం చుట్టుపక్కల ఒకప్పుడు జావా, టెస్టింగ్ బోర్డులు వేలాడిన చోటే ఇప్పుడు ఏఐ బోర్డులు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక పేర్లు మార్చేశారు, సిలబస్ మాత్రం చాలా చోట్ల పాతదే. నేను చేరిన ఇన్‌స్టిట్యూట్ పేరు చెప్పను గానీ, సార్ మాత్రం బాగా చెప్తారు. మాన్యువల్ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌ను మనిషే వాడి చూసి తప్పులు పట్టడం) చేసే ఒకమ్మాయి "నా ఉద్యోగం పోతుందా సార్?" అని అడిగితే, ఆయన లాగిన్ పేజీకి టెస్ట్ కేసులు (ఏమేం పరీక్షించాలో రాసే జాబితా) ఏఐతోనే రాయించి చూపించారు, నిమిషంలో బోలెడు వచ్చాయి, కానీ ఓటీపీ గడువు దాటాక ఏం కావాలన్నది అందులో లేదు, అది పట్టుకున్నది ఆ అమ్మాయే. ఆ క్లాసుకే సగం ఫీజు గిట్టింది.

ఏసీ పనిచేయదు, నోట్సుకు విడిగా డబ్బులు. నూరు శాతం ప్లేస్‌మెంట్ అంటారు, తీరా చూస్తే నాలుగు వాట్సాప్ లింకులు పంపి చేతులు దులుపుకుంటారు (ఆ లింకులు మనకూ దొరుకుతాయి). పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష రాకుండా చేరితే మాత్రం తల తిరుగుతుంది. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగానే ఉన్నాయి, ముందు అవి చూడండి, డెమోలో కూర్చున్నాకే ఫీజు కట్టండి, అదీ వాయిదాల్లో.