మొరాకో సినిమాలు మొదలుపెట్టేవాళ్లకి: నబీల్ అయూష్ మేలా, మరియం తూజానీ మేలా?

ఇరాన్ సినిమాలు చూసేశాం, టర్కీవీ కొన్ని అయ్యాయి, ఇక మొరాకో వైపు వెళ్దామనుకుంటున్నాం, ఎవరితో మొదలుపెట్టమంటారు? ఈ ప్రశ్న ఈ మధ్య నాకు తెగ వస్తోంది. అడిగినవాళ్లకల్లా ఫోన్‌లో తలో మాట చెప్పి, తర్వాత వాళ్లు కలుసుకున్నప్పుడు "నీకొకటి, నాకొకటి చెప్పాడేంటి" అనిపించుకునే కన్నా ఒకేచోట రాసేస్తే పోతుంది. డైరెక్టర్ల పేర్లు చాలానే ఉన్నాయి. కానీ కొత్తగా చూడబోయేవాళ్ల దగ్గర చివరికి తేలేవి రెండే: నబీల్ అయూష్, మరియం తూజానీ.

ఇద్దరూ భార్యాభర్తలని మీకు తెలిసే ఉంటుంది. దీన్ని చాలామంది ఒక సరదా విషయంగా చెప్పి వదిలేస్తారు గానీ, పోల్చి చూసేవాడికి ఇదే అసలు సదుపాయం. ఆయన తీసిన 'రజియా' (2017) ఇద్దరూ కలిసి రాసిందే, అందులో ఆవిడ ఒక ముఖ్యపాత్ర వేశారు కూడా. 'కాసాబ్లాంకా బీట్స్' (2021), 'ఎవ్రీబడీ లవ్స్ తూదా' (2024) రచనలోనూ ఆవిడ పేరుంది. ఆవిడ తీసిన 'ఆడమ్' (2019), 'ద బ్లూ కాఫ్తాన్' (2022) సినిమాలకి నిర్మాత ఆయన. స్క్రిప్టులోనూ ఓ చెయ్యి వేశారు. ఈ సినిమాలకి చాలావరకు కెమెరా కూడా ఒకరే, బెల్జియం నుంచి వచ్చిన వర్జీనీ సుర్దే. అంటే ఆయనకి మంచి రచయిత దొరికారనీ, ఈవిడకి గట్టి నిర్మాత దొరికాడనీ సాకులు చెప్పడానికి లేదు. తేడా అంతా డైరెక్టర్ కుర్చీలో ఎవరు కూర్చున్నారన్న దగ్గరే.

ముందు అయూష్ సంగతి. పుట్టింది పారిస్‌లో, పెరిగింది ఆ ఊరి శివార్లలోని సార్సెల్‌లో. తర్వాత కాసాబ్లాంకాలో స్థిరపడ్డారు. ఆయన కథలు ఎప్పుడూ వీధిలోనే మొదలవుతాయి. 'అలీ జావా' (2000)లో కాసాబ్లాంకా రేవు చుట్టూ బతికే పిల్లల ముఠా ఉంటుంది. రాయి దెబ్బకి ఒక పిల్లాడు చనిపోతే, వాడి స్నేహితులు వాణ్ణి రాజకుమారుడిలా సాగనంపాలని తంటాలు పడతారు. వేషాలు వేసింది నిజంగా వీధుల్లో పెరిగిన పిల్లలే. ఆ సినిమా ఇప్పుడు చూసినా కొత్తగానే ఉంటుంది.

కానీ అయూష్ పేరు చెబితే నేను ముందు చూడమనేది 'హార్సెస్ ఆఫ్ గాడ్' (2012). 2003 మే 16 రాత్రి కాసాబ్లాంకాలో వరసగా బాంబులు పేలాయి. ఒంటికి బాంబులు కట్టుకుని వచ్చిన 12 మందినీ కలుపుకుంటే 45 మంది పోయారు. వచ్చినవాళ్లంతా సీదీ మూమెన్ అనే మురికివాడ కుర్రాళ్లు. మాహీ బినెబీన్ ఇదే విషయం మీద రాసిన నవల ఈ సినిమాకి ఆధారం. సినిమా పేలుడుతో మొదలవదు. 1994లో, దుమ్ములో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతూ కొట్టుకునే దగ్గర మొదలవుతుంది. గోల్ కాసే కుర్రాడికి యాషిన్ అని పేరు, సోవియట్ గోల్‌కీపర్ లెవ్ యాషిన్ మీద అభిమానంతో పెట్టుకున్నది. వాడికో అన్న, హమీద్. వీధిలో వాడిదే రాజ్యం. జైలుకి వెళ్లి వచ్చాక మనిషి మారిపోతాడు, చక్కగా మాట్లాడతాడు, నమాజుకి రమ్మంటాడు, వాడి వెనక నిలబడ్డవాళ్లూ చక్కగానే మాట్లాడతారు. ప్రేక్షకుడికి ఎక్కడా "ఇదిగో, ఇక్కడే చెడిపోయారు" అని వేలు పెట్టి చూపించడానికి ఒక చోటు దొరకదు. పదేళ్లు అలా జరిగిపోతాయి. అన్నదమ్ముల పాత్రలు వేసినవాళ్లు నిజంగానే అన్నదమ్ములు, అంతకుముందు నటన తెలియనివాళ్లు. వాళ్ల మధ్య అసూయ, బెదురు, ప్రేమ ఏదీ నేర్పించినట్టు ఉండదు.

అయూష్‌లో నాకు బాగా నచ్చే ఇంకో గుణం, సినిమా అయిపోయాక ఆ వాడని వదిలిపెట్టి వెళ్లిపోకపోవడం. 2014లో ఆయనా, బినెబీనూ కలిసి సీదీ మూమెన్‌లో పిల్లల కోసం ఒక సాంస్కృతిక కేంద్రం పెట్టారు. 'కాసాబ్లాంకా బీట్స్' ఆ కేంద్రంలోనే, అక్కడికి ర్యాప్ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలతోనే తీశారు. ఆ సినిమా కాన్ ఫిల్మ్ ఫెస్టివల్ పోటీ విభాగం దాకా వెళ్లింది.

ఇక తూజానీ. టాంజియర్‌లో పుట్టారు, లండన్‌లో జర్నలిజం చదివారు. ఆవిడ కథలు గుమ్మం దాటి బయటికి రావడానికి ఇష్టపడవు. 'ఆడమ్' దాదాపు మొత్తం కాసాబ్లాంకాలో ఒక చిన్న ఇంట్లో జరుగుతుంది. భర్త పోయిన అబ్లా కిటికీలోంచి రొట్టెలు అమ్ముకుంటూ కూతుర్ని పెంచుకుంటోంది. పెళ్లి కాకుండా కడుపుతో ఉన్న సామియా పని అడుగుతూ తలుపు తడుతుంది. తూజానీ అమ్మానాన్నలు ఒకప్పుడు ఇలాంటి పరిస్థితిలో ఉన్న ఒకమ్మాయికి తమ ఇంట్లో చోటిచ్చారు. కథ ఆ జ్ఞాపకంలోంచి వచ్చింది.

ఈ సినిమాలో ఒక సీను ఉంది. భర్త పోయాక అబ్లా పాటలు మానేసింది. ముఖ్యంగా వర్దా అనే అల్జీరియా గాయని పాటలు. కూతురికి పేరు కూడా ఆ గాయని పేరే పెట్టుకున్న మనిషి! ఒకరోజు సామియా ఆ క్యాసెట్ పెడుతుంది. అబ్లా కట్టేస్తుంది. సామియా మళ్లీ పెడుతుంది. అబ్లా మళ్లీ కట్టేయబోతే సామియా అడ్డం నిలబడి పట్టుకుంటుంది. ఇద్దరి మధ్యా దాదాపు కొట్లాటే. అబ్లా పెనుగులాడి పెనుగులాడి, కాసేపటికి ఒళ్లు వదిలేస్తుంది, పాటతోపాటు కదలడం మొదలుపెడుతుంది. ఒక్క డైలాగు కూడా "నువ్వింకా దుఃఖంలో ఉన్నావు" అని చెప్పదు. చెప్పాల్సిన అవసరమూ లేదు.

'ద బ్లూ కాఫ్తాన్' ఇంకో మెట్టు పైన. సలే అనే పాత ఊళ్లో హలీమ్, మీనా అనే దంపతుల కుట్టు దుకాణం. హలీమ్ చేత్తోనే కుడతాడు, మిషన్ ముట్టడు. నీలం రంగు పెళ్లి కాఫ్తాన్, అంటే పొడవాటి అంగీ, దానికి బంగారు దారం పని నెలల తరబడి సాగుతుంది. మన దగ్గర మగ్గం వర్క్‌కి జాకెట్టు ఇచ్చి, పెళ్లి దగ్గరికొస్తున్నా అవ్వలేదని టెన్షన్ పడేవాళ్లు ఆ దుకాణానికి వచ్చే ఆడవాళ్లని వెంటనే గుర్తుపడతారు. కొత్తగా చేరిన యూసఫ్ అనే కుర్రాడికి హలీమ్ దారం పట్టడం నేర్పిస్తాడు, అంతే. ఆ నేర్పడంలోనే హలీమ్ జీవితమంతా దాచుకున్నది బయటపడిపోతుంది. మీనాకి జబ్బు తిరగబెట్టింది, భర్త సంగతి ఆవిడకి ఎప్పటినుంచో తెలుసు. ఈ ముగ్గురూ ఎలా సర్దుకుంటారన్నదే కథ. మీనాగా వేసిన లుబ్నా అజబాల్ 'ఆడమ్'లో అబ్లా కూడా ఆవిడే. హలీమ్ పాత్ర పాలస్తీనా నటుడు సాలిహ్ బక్రీది.

నా లెక్కలో తేల్చేది ఇక్కడే. మనిషి పని చేస్తున్నప్పుడు ఆ పనిని డైరెక్టర్ ఎంతసేపు చూడగలడు? కథ ముందుకి నడవాలన్న తొందర లేకుండా, పిండి పిసకడాన్ని, దారం ఎక్కించడాన్ని ఎంతసేపు ఓపిగ్గా చూడగలడు? తూజానీ చూస్తారు. సామియా పిండిని సన్నటి దారాల్లా లాగి ర్జీజా అనే రొట్టె చుట్టేటప్పుడు, అబ్లా ఆమెని నమ్మడం మొదలైందని మనకి ఆ చేతుల్లోనే తెలుస్తుంది. అయూష్ చాలాసార్లు చూడరు. ఆయన సినిమాల్లో మనిషి చేసే పని సమస్యగా వస్తుంది. 'మచ్ లవ్డ్' (2015) మర్రకేష్‌లో ఒళ్లమ్ముకునే ఆడవాళ్ల కథ. ధైర్యం ఉన్న సినిమా, అనుమానం లేదు. మొరాకో ప్రభుత్వం దాన్ని థియేటర్లకి రానివ్వలేదు. ప్రధాన పాత్ర వేసిన లుబ్నా అబిదార్ మీద కాసాబ్లాంకాలో దాడి జరిగింది, ఆవిడ ఫ్రాన్స్‌కి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ వేషానికే ఫ్రాన్స్‌లో సెజార్ అనే సినిమా అవార్డుకి నామినేషన్ కూడా వచ్చింది. ఇదంతా నిజమే అయినా, తెర మీద ఆ నలుగురూ కార్లో కబుర్లు చెప్పుకునే సీన్లు పక్కన పెడితే మిగతాది నాకు దర్శకుడి కోపంలాగే కనిపిస్తుంది. 'రజియా' సంగతీ అంతే. 1982లో అట్లాస్ కొండల్లో ఒక మాస్టారు, పిల్లలకి వాళ్ల బెర్బర్ భాషలో చెప్పే పాఠాన్ని అరబీలో చెప్పాలని పైనుంచి ఆర్డరు వస్తే పడే నలుగుడు అద్భుతంగా ఉంటుంది. అక్కణ్ణుంచి 2015కి వచ్చాక పాత్రకో సమస్య పంచిపెట్టినట్టు అయిపోతుంది.

చట్టం విషయం చూడండి. మొరాకో శిక్షాస్మృతిలో 490వ అధికరణ పెళ్లి కానివాళ్ల మధ్య సంబంధాన్ని నేరమంటుంది. 489 స్వలింగ సంబంధాలకి మూడేళ్ల వరకు జైలంటుంది. 'ఆడమ్' మొదటిదాని నీడలో, 'ద బ్లూ కాఫ్తాన్' రెండోదాని నీడలో నడుస్తాయి. రెండిట్లోనూ ఎవరూ చట్టం చదవరు. ఒకరాత్రి సరదాగా బయటికి వెళ్లి వస్తున్న హలీమ్, మీనాలని పోలీసు ఆపి పెళ్లి కాగితం చూపించమంటాడు, అంతే. మనకి ఒళ్లు జలదరిస్తుంది. తమాషా ఏమిటంటే, 'మచ్ లవ్డ్' నిషేధించిన దేశమే ఈ కాఫ్తాన్ సినిమాని ఆస్కార్‌కి తన ఎంట్రీగా పంపింది, అది షార్ట్‌లిస్టు దాకా వెళ్లింది. గొంతు తగ్గించి చెబితే ఒప్పుకుంటారని నేననడం లేదు. కానీ ఆ గొంతుకి ఎదురు చెప్పడం కష్టం.

ఇద్దర్నీ ఒకే త్రాసులో పెట్టాలంటే నిస్రీన్ ఎర్రాదిని చూడండి. 'ఆడమ్'లో సామియా ఆవిడే, అయూష్ 'ఎవ్రీబడీ లవ్స్ తూదా'లో తూదా కూడా ఆవిడే. తూదా ఐతా అనే మొరాకో జానపద పాటలు పాడే షేఖా, అంటే గాయని. పల్లెల్లో, బార్లలో పాడుతూ, చెవులు వినపడని కొడుకుని చదివించుకోవాలని కాసాబ్లాంకా చేరాలనుకుంటుంది. సామియాగా ఎర్రాది బరువైన కడుపుతో, తల దించుకుని, గదిలో ఎంత తక్కువ చోటు పడుతుందో అంతే వాడుకుంటుంది. తూదాగా గది మొత్తం ఆక్రమిస్తుంది. తూదా కష్టాలు ఒకదాని మీద ఒకటి వస్తుంటే నాకు కాస్త విసుగొచ్చింది. కానీ ఆవిడ పాడుతున్నంతసేపూ అయూష్ కెమెరా కదలకుండా నిలబడుతుంది, చివర్లో ఎత్తైన భవనం పైకి వెళ్లి పాడి, లిఫ్టులో కిందికి దిగేదాకా కట్ లేకుండా వెంటపడుతుంది. ఆ కాసేపూ ఆయన కూడా మనిషి చేసే పనిని చూస్తున్నారు. ఆయన సినిమాల్లో నాకు బాగా నచ్చిన ఘట్టాల్లో అదొకటి. ఇది ఇంటి గాలి తగలడమే అంటే అయూష్ అభిమానులు ఒప్పుకోరేమో!

అయితే తూజానీలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆవిడ ఇళ్లల్లో పేదరికం కూడా దీపం వెలుగులో మరీ అందంగా ఉంటుంది. కిటికీ అవతల ఊరు ఏమైందో తెలియదు. గుంపుని తీయడం ఆవిడకి ఇంకా రాలేదనే అనుకుంటాను. ముగ్గురు దాటితే ఫ్రేములో ఇబ్బంది కనిపిస్తుంది. వేగం కావాలనుకునేవాళ్లు 'కాఫ్తాన్' మొదటి అరగంటలోనే ఫోను తీస్తారు. యాభైమంది పిల్లలు ఒకేసారి అరుస్తూ పరిగెత్తే సీను కావాలంటే మాత్రం అయూష్ దగ్గరికే వెళ్లాలి.

మిగతావాళ్ల గురించి రెండు ముక్కలు. ఫ్రాన్స్‌లో పెరిగిన మొరాకో కుర్రాళ్ల కథ కావాలంటే ఇస్మాయిల్ ఫెరూఖీ 'లె గ్రాండ్ వాయాజ్' (2004): తండ్రిని కార్లో మక్కాకి తీసుకెళ్లాల్సి వచ్చిన కొడుకు, తండ్రి అరబీలో మాట్లాడితే వాడు ఫ్రెంచిలో జవాబిస్తాడు. నిద్రపోతున్న కొడుకు సెల్‌ఫోన్‌ని తండ్రి చెత్తడబ్బాలో పడేసే సీను కోసమైనా చూడొచ్చు. మెర్యెమ్ బెన్‌మ్‌బారెక్ 'సోఫియా' (2018) కథ 490 మీదే, గట్టి స్క్రిప్టు, కాస్త చల్లటి మనసు. కమాల్ లజ్రక్ 'హౌండ్స్' (2023)లో తండ్రీకొడుకులు ఒక శవాన్ని వదిలించుకోవడానికి రాత్రంతా కాసాబ్లాంకా తిరుగుతారు. థ్రిల్లర్ అలవాటున్నవాళ్లకి నచ్చుతుంది. లైలా మర్రక్షీ 'మారాక్' (2005) డబ్బున్న ఇళ్ల కుర్రకారు గొడవ, ఆ రోజుల్లో రేగిన రచ్చ కోసం తప్ప ఇప్పుడు తొందరేం లేదు.

ఇవన్నీ ఫ్రెంచి డబ్బుతో, కాన్ పండగ కోసం తీసినవి కదా, అసలు మొరాకో జనం చూసేవి ఇవేనా అని ఒకరిద్దరు అడిగారు. డబ్బు చాలావరకు అటునుంచే వస్తుంది, నిజం. 'కాఫ్తాన్'లో ఫ్రాన్స్‌తోపాటు బెల్జియం, డెన్మార్క్ వాటాలు కూడా ఉన్నాయి. దేశంలో వసూళ్లు తెచ్చేవి ఎక్కువగా కామెడీలు, వాటి గురించి వేరే రాయాలి. కానీ అయూష్‌కీ తూజానీకీ డబ్బు వచ్చే దారి ఒక్కటే కాబట్టి, ఈ అభ్యంతరం వీళ్లిద్దరి మధ్య తీర్పుని అటూ ఇటూ కదల్చదు.

నా ఓటు తూజానీకే. ముందు 'ఆడమ్', వెంటనే 'ద బ్లూ కాఫ్తాన్'. ఆ తర్వాత 'హార్సెస్ ఆఫ్ గాడ్'. దాన్ని రాత్రి భోజనం ముందు పెట్టుకోకండి. 'తూదా' నాలుగోది, ఎర్రాదిని అప్పటికే సామియాగా చూసి ఉంటారు కాబట్టి రెట్టింపు పనికొస్తుంది. కాకపోతే మొదట్లోనే అత్యాచారం సీను ఉంది, పిల్లలు పక్కనుంటే చూసుకోండి. ఒకటే సినిమా చూసే తీరిక ఉందనేవాళ్లు, గుంపులూ గొడవలూ ఇష్టమైతే 'హార్సెస్ ఆఫ్ గాడ్' చూడండి, లేకపోతే 'కాఫ్తాన్'. సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోవడం మాత్రం మర్చిపోకండి, అక్కడి అరబీ గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఉండొచ్చిన మనవాళ్లకి కూడా ఓ పట్టాన అందదు.