ఫిట్‌జ్‌రాయ్ ఆట కోసం మెల్‌బోర్న్‌లో ఒక వీకెండ్: ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి

బ్రిస్బేన్‌లో ఉండే తెలుగువాళ్లలో ఆ ఊరి ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ జట్టు లయన్స్‌కి అభిమానులు బాగా పెరిగారు. 2024, 2025లలో వరసగా కప్పు కొట్టాక మరీనూ. అయితే ఆ లయన్స్ పుట్టిల్లు మెల్‌బోర్న్‌లో ఉందని చాలామందికి తెలియదు. 1883లో మొదలైన ఫిట్‌జ్‌రాయ్ క్లబ్బు డబ్బు కష్టాల్లో పడి, 1996 సీజన్ తర్వాత ఏఎఫ్‌ఎల్ అనే దేశంలోని పెద్ద లీగులో ఆడే దాని జట్టు బ్రిస్బేన్ బేర్స్‌లో కలిసిపోయింది. అలా వచ్చినవే ఇవాళ్టి లయన్స్. ఫిట్‌జ్‌రాయ్ మాత్రం మూతపడలేదు. 2009 నుంచి విక్టోరియన్ అమెచ్యూర్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పోటీల్లో, తన పాత మైదానంలోనే ఆడుతోంది. ఆటగాళ్లకు జీతాలు ఉండవు. ఆ ఆట కళ్లారా చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. జూన్‌లో శనివారం మగవాళ్ల మ్యాచ్ సొంత గ్రౌండులో, ఆదివారం ఆడవాళ్ల మ్యాచ్ బయట ఉన్న వారం చూసుకుని ముగ్గురం బయల్దేరాం.

బస గురించి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే వీకెండ్ బాగుందా లేదా అన్నది సగం దానిమీదే ఆధారపడింది. శుక్రవారం రాత్రి సదరన్ క్రాస్ స్టేషన్ దగ్గర ఒక హోటల్లో దిగాం. ఎయిర్‌పోర్టు నుంచి స్కైబస్ నేరుగా ఆ స్టేషన్‌కే వస్తుంది కాబట్టి రాత్రిపూట పిల్లతో, సామానుతో దిగేవాళ్లకి అంతకన్నా సుఖం లేదు. గది శుభ్రంగా ఉంది. కానీ కిటికీ తెరుచుకోదు, హీటర్ చప్పుడుకి మా ఆవిడకి నిద్ర లేదు. రెండో రాత్రికి ఫిట్‌జ్‌రాయ్ నార్త్‌లో ఒక పాత ఇంటి మేడమీద గది తీసుకున్నాం. మెట్లు ఇరుకు, లిఫ్టు లేదు, గది వెచ్చబడటానికి గంట పట్టింది. అయినా చిన్న వంటిల్లు ఉంది, కుక్కర్ లాంటి గిన్నె ఉంది, మైదానం నడిచేంత దూరం. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు హోటలే చూసుకోండి. ఆట కోసమే వచ్చేవాళ్లకి మాత్రం రెండు రాత్రులూ ఫిట్‌జ్‌రాయ్ వైపే ఉండమంటాను.

సిటీ నుంచి మైదానానికి కారు అక్కర్లేదు. కాలిన్స్ స్ట్రీట్‌లో 11వ నంబరు ట్రామ్ ఎక్కితే బ్రన్స్‌విక్ స్ట్రీట్ పొడవునా వెళ్లి ఎడిన్‌బరో గార్డెన్స్ మూల దగ్గర దింపుతుంది. ఆ పార్కులోనే బ్రన్స్‌విక్ స్ట్రీట్ ఓవల్. ట్రామ్ దిగితే ముందు కనిపించేవి పెద్ద ఎల్మ్ చెట్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు. నాలుగడుగులు వేస్తే 1888 నాటి పాత గ్రాండ్‌స్టాండు. మాకు గేటు లేదు, టికెట్ లేదు, బ్యాగు తనిఖీ లేదు. మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఉండే మా బావమరిది మాకంటే ముందే వచ్చి కంచె పక్కన నిలబడి ఉన్నాడు. "బావా, ఎవరూ డబ్బులడగలేదేంటి, సరైన చోటికే వచ్చామా?" అని వాడికి ఒకటే అనుమానం.

ఉదయం రిజర్వ్స్, అంటే రెండో జట్టు ఆట, రెండు గంటలకు సీనియర్స్. ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు: జట్టుకి 18 మంది, నాలుగు క్వార్టర్లు. నడిమి రెండు పొడుగు స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నితే గోల్, 6 పాయింట్లు. వాటికీ పక్క పొట్టి స్తంభాలకీ మధ్య నుంచి పోతే ఒకటే పాయింటు. బంతిని చేత్తో విసరకూడదు, ఒక చేతిలో పట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టాలి, దాన్ని హ్యాండ్‌బాల్ అంటారు. 15 మీటర్లు దాటి వచ్చిన కిక్‌ని గాల్లో పట్టుకుంటే మార్క్ అంటారు, ఇక ఎవరూ మీద పడకుండా తాపీగా తన్నుకోవచ్చు.

టీవీలో ఇదంతా తెలిసిన ఆటే. కానీ కంచె పక్కన నిలబడి చూస్తే వినిపించేవి వేరు. ఇద్దరు భుజంతో ఢీకొంటే లోపలి గాలంతా ఒక్కసారి బయటికి వచ్చిన చప్పుడు వినిపిస్తుంది. తడిసిన ఎర్ర బంతి అరచేతుల్లో పడితే ఫట్‌మని మోగుతుంది. వెనక నుంచి మీదపడబోతున్న ప్రత్యర్థిని చూసి తోటివాళ్లు వేసే కేక, గోల్ పడిందని గోల్ అంపైర్ రెండు జెండాలూ ఒకేసారి ఊపినప్పుడు గుడ్డ టపటపలాడటం, అన్నీ మనకి పది అడుగుల దూరంలోనే.

క్వార్టర్‌కీ క్వార్టర్‌కీ మధ్య విరామంలో ఇంకా మంచి సంగతి ఉంది. ఆటగాళ్లు మైదానం మధ్యలో గుంపుగా నిలబడితే చూసేవాళ్లు కూడా లోపలికి నడిచి వెళ్లి కోచ్ మాటలు వినొచ్చు. మేమూ వెళ్లాం. ముందు వరసలో ఉన్న కుర్రాడి మోకాలి నుంచి రక్తం కారి సాక్సులోకి దిగుతోంది, అతను చూసుకోవడం లేదు. కోచ్ అరవలేదు. బంతి మన చేతిలో లేనప్పుడు మీరెక్కడ నిలబడుతున్నారో చూసుకోండి అని నెమ్మదిగా, ఒక్కొక్కరి మొహం చూస్తూ చెప్పాడు. సోమవారం పొద్దున మళ్లీ ఉద్యోగాలకీ కాలేజీలకీ పోవాల్సినవాళ్లు అంత శ్రద్ధగా వినడం చూస్తే నాకు గొంతు పట్టేసింది. లయన్స్ ఆడే గబ్బా స్టేడియంలో ఎంత ఖరీదు సీటు కొన్నా ఇది దొరకదు.

హాఫ్‌టైమ్‌లో పిల్లలంతా బంతులతో మైదానంలోకి పరిగెత్తారు. మా అమ్మాయి మొహమాటపడుతుంటే ఎరుపు నీలం మఫ్లర్ చుట్టుకున్న ఒక పెద్దాయన పిలిచి, బంతిని నిలువుగా పట్టుకుని, ఊపకుండా కిందికి జారవిడిచి, వేళ్లు సాచిన పాదంతో తన్నడం చూపించారు. బంతి వెనక్కి తిరుగుతూ తిన్నగా వెళ్లాలట. ఆయన 1966 వరకూ ఇక్కడ జరిగిన పెద్ద లీగు మ్యాచ్‌లకి నాన్న భుజాల మీద కూర్చుని వచ్చేవారు. హేడన్ బంటన్ ఆడిన గడ్డ ఇదని మా అమ్మాయికి చెప్పారు. బంటన్ ఫిట్‌జ్‌రాయ్ తరఫున 1931, 1932, 1935లలో, లీగులో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు. ఆ పెద్ద లీగులో క్లబ్బుకి మొత్తం 8 కప్పులు, ఆఖరిది 1944లో. 1996 సెప్టెంబర్ 1న పెర్త్‌లో ఆడిన చివరి ఏఎఫ్‌ఎల్ మ్యాచ్ గురించి మాత్రం ఆయన పెద్దగా మాట్లాడలేదు.

తిండి సంగతి. కాంటీన్ నడిపేది క్లబ్బు వాలంటీర్లు, పలకరింపు బాగుంటుంది, ధరలు స్టేడియంతో పోలిస్తే చాలా తక్కువ. మాంసం కూరిన "పై" (pie) అంటే మామూలుగా బీఫే, సాసేజ్‌లోనూ ఏముందో అడిగి తీసుకోండి, విసుక్కోకుండా చెబుతారు. శాకాహారులకి మాకు దొరికింది వేడి చిప్సే. మా బావమరిది భార్య పులిహోర, దద్దోజనం కట్టి పంపింది కాబట్టి గడిచిపోయింది. సాయంత్రం స్మిత్ స్ట్రీట్ వైపు నడిస్తే అన్ని దేశాల హోటళ్లూ ఉన్నాయి, శనివారం రాత్రి పిల్లలతో వెళ్లేటట్టయితే ఆరింటికల్లా కూర్చోవాలి.

చలికి తయారై వెళ్లాలి. ఆ రోజు 13 డిగ్రీలే, పైగా గాలి. మూడో క్వార్టర్‌లో జల్లు కురిసి ఆగింది. బ్రిస్బేన్ స్వెట్టర్లు చాలవు, వాన కోటు, చెవులు కప్పే టోపీ, నీళ్లు పట్టని బూట్లు కావాలి. ఐదు దాటేసరికి చీకటి పడుతుంది.

మా జట్టు గెలిచింది. ఆటగాళ్లు లోపల చేతులు కలిపి గుండ్రంగా నిలబడి క్లబ్బు పాట పాడారు. ఫ్రాన్స్ జాతీయగీతం బాణీ అది, బ్రిస్బేన్‌లో లయన్స్ గెలిచినప్పుడు వినేదీ అదే బాణీ. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆదివారం ఆడవాళ్ల మ్యాచ్ ఊరి బయటి గ్రౌండులో. ఏర్పాట్ల పరంగా శనివారంతో పోలికే లేదు. కాంటీన్ మూసి ఉంది, టాయిలెట్ ఒక్కటే తెరిచారు, నీడ లేదు, ఆదివారం బస్సులు చాలా తక్కువ. బావమరిది కారు లేకపోతే వెళ్లగలిగేవాళ్లం కాదు. ఆట మాత్రం నాకు శనివారం కంటే ఎక్కువ నచ్చింది. మగవాళ్లు దూరం తన్ని పరిగెత్తే చోట వీళ్లు చిన్న చిన్న హ్యాండ్‌బాల్స్‌తో గుంపులోంచి దారి చేసుకున్నారు. ఒకమ్మాయి మూడుసార్లు కింద పడి మూడుసార్లూ బంతి వదల్లేదు. ఈ అసోసియేషన్‌లో ఆడవాళ్ల పోటీలు 2017లోనే మొదలయ్యాయి, అదే ఏడాది ఆడవాళ్ల పెద్ద లీగు ఏఎఫ్‌ఎల్‌డబ్ల్యూ కూడా. ఆట అయ్యాక ఆ అమ్మాయి కంచె దగ్గరికి వచ్చి, మా అమ్మాయి బంతి పట్టుకునే తీరు చూసి, బొటనవేళ్లు దగ్గరికి తెచ్చి సరిచేసింది.

మళ్లీ వెళ్తే ఆగస్టులో వెళ్తాం, వెలుతురు ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది. సీజన్ ఏప్రిల్ నుంచి నడుస్తుంది. విమానం టికెట్లు కొనేముందు ఆ శనివారం మ్యాచ్ సొంత గ్రౌండులోనా, బయటా అన్నది తప్పకుండా చూసుకోండి. బయటి మ్యాచ్ అయితే మెల్‌బోర్న్‌లో తెలిసినవాళ్ల కారు ఉంటేనే పెట్టుకోండి.