డేటా తుడిపించుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నా, మూడున్నర స్టార్లు

మాది బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో చిన్న పేరోల్ ఆఫీసు, అంటే వేరే కంపెనీల స్టాఫ్ జీతాల లెక్కలు చూస్తాం, నాతో కలిపి అయిదుగురం. ఒక జర్మనీ క్లయింట్‌ది కాంట్రాక్ట్ అయిపోయింది, పోతూ పోతూ మా స్టాఫ్ డేటా మొత్తం డిలీట్ చేసి ప్రూఫ్ పంపండి అని మెయిల్ పెట్టారు. డిలీట్ చేశాం సార్ అని ఒక లైను కొట్టేస్తే సరిపోద్దనుకున్నా, సరిపోలేదు. యూరప్ వాళ్ళ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లో ఆర్టికల్ 28 అంట, పని అయ్యాక డేటా వాపస్ ఇవ్వాలో తుడిచెయ్యాలో క్లయింట్ ఇష్టం, తుడిచామని చూపించుకోవాల్సింది మాత్రం మనం. ఇక్కడ కూడా 2023లో అలాంటిదే డీపీడీపీ అని డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో రూల్స్ కూడా వచ్చేశాయి, కాబట్టి రేపు ఇక్కడి క్లయింట్లూ అడుగుతారు.

మొదట కంప్యూటర్ సామాన్ల షాపులుండే ఎస్పీ రోడ్డుకి వెళ్ళా. ఒక షాపతను ఫార్మాట్ కొట్టిస్తా, డిస్క్‌కి వంద ఇవ్వండి, సర్టిఫికెట్ కావాలంటే బిల్లు వెనకాల రాసిస్తా అన్నాడు. దండం పెట్టి వచ్చేశా.

తర్వాత తెలిసినవాళ్ళు చెప్తే పీణ్యలో డిస్కులు ముక్కలు చేసేవాళ్ళ దగ్గరికి పోయాం. పేరు రాయట్లేదు, ఎందుకంటే వాళ్ళ తప్పు కూడా ఒకటి చెప్పబోతున్నా. బీటీఎం నుంచి పీణ్య అంటే ఆ ట్రాఫిక్‌లో సగం రోజు పోయినట్టే, అది వేరే కథ. మెషీన్ దగ్గర అబ్బాయిది మదనపల్లె, నా తెలుగు వినగానే అక్కా అని కలిసిపోయాడు. డీగాసర్ అని పెద్ద అయస్కాంతం మెషీన్ ఉంది కదా, అన్నీ అందులోనే పెట్టెయ్ తమ్ముడూ అన్నా. "హార్డ్ డిస్క్ అయితే సచ్చిపోతాదక్కా, ఎస్‌ఎస్‌డీకి అయస్కాంతం పెడితే ఏం గాదు, లోపలుండేది చిప్పులు" అన్నాడు. పైన కొత్త డేటా రాసేసినా ఎస్‌ఎస్‌డీలో మనకి కనపడని స్పేర్ జాగా ఉంటుందంట, పాతది అందులో మిగిలిపోవచ్చంట. అందుకని రెండు ఎస్‌ఎస్‌డీలూ ష్రెడర్‌లో వేశాడు. కరకరమని జంతికలు నమిలినట్టు సౌండ్, కింద ట్రేలో పచ్చ పచ్చ బోర్డు ముక్కలు. కళ్ళారా చూడనిచ్చారు, వీడియో తీసుకోనిచ్చారు, దీనికే ఒక స్టార్ ఇవ్వొచ్చు.

సర్టిఫికెట్ మంచిగానే ఉంది, ఎన్‌ఐఎస్‌టీ 800-88 (డిస్కులు తుడవడానికి అమెరికా ప్రమాణాల సంస్థ ఇచ్చిన గైడ్) పద్ధతిలో డిస్క్ మేక్, మోడల్, సీరియల్ నంబర్, ఏ పద్ధతిలో చేశారు, ఎవరు చేశారు, తేదీ, చోటు, సంతకం అన్నీ ఉన్నాయి. కానీ ఒక ఎస్‌ఎస్‌డీ సీరియల్‌లో బీ ఉండాల్సిన చోట 8 పడింది. స్కానర్ పక్కనే పెట్టుకుని చేత్తో టైప్ చేస్తే ఇంకేమవుద్ది! డిస్క్ ముక్కలైపోయాక స్టిక్కర్ చూపించడానికి ఏముంటది, పొద్దున ఆఫీసులోనే ఫోటోలు తీసి పెట్టుకున్నా కాబట్టి బతికిపోయా. సరిచేసి పంపడానికి నాలుగు రోజులు, మూడు ఫోన్లు. స్టార్ ఒకటిన్నర కట్.

ఇంకోటి, వాళ్ళు డిస్కుల వరకే. మెయిళ్ళు, డ్రైవ్ ఫోల్డర్లు మనమే చూసుకోవాలి, గూగుల్ డ్రైవ్‌లో డిలీట్ కొట్టినా ట్రాష్‌లో 30 రోజులు కూర్చునే ఉంటాయి, అక్కడ కూడా ఖాళీ చేసి ఆ తేదీ రాసుకోవాలి. మా ఆఫీసు అమ్మాయి చాలా శ్రద్ధగా డిలీట్ చేసిన ఫైళ్ళకి ఎక్సెల్ లిస్ట్ చేసింది, తెరిచి చూస్తే ఆ కంపెనీ స్టాఫ్ పేర్లు, బ్యాంక్ అకౌంట్ నంబర్లతో సహా! తుడిచిన డేటా మొత్తం తుడిచినట్టు చెప్పే కాగితంలో భద్రంగా ఉంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు, ఫోల్డర్ పేరు, ఫైళ్ళ లెక్క, తేదీ, చేసినవాళ్ళ పేరు ఉంచి మిగతాది తీసేయించా. మేం ఆ క్లయింట్‌కి ఇచ్చిన బిల్లులు మాత్రం ముట్టుకోలేదు, జీఎస్టీ చట్టంలో యాన్యువల్ రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలని ఉంది. ఆ సంగతి కూడా క్లయింట్‌కి మెయిల్‌లో చెప్పేశాం, వాళ్ళు సరే అన్నారు.

రెండు మూడు డిస్కులకి వాళ్ళు మన దగ్గరికి రారు, మనమే మోసుకెళ్ళాలి. శనివారం మధ్యాహ్నం నుంచి మెషీన్ ఆపేస్తారు, ఫోన్ చేసుకుని వెళ్ళండి. సర్టిఫికెట్ చేతికిచ్చినప్పుడే సీరియల్ ఒక్కో అక్షరం చదివి చూసుకోండి, టీ తాగుతూ అయినా సరే, టీ మాత్రం బాగా ఇస్తారు.