స్విఫ్ట్ ఉంచుకోవాలా, పాత పోలో జీటీకి మారాలా?

ఇంట్లో పెట్రోలు స్విఫ్ట్ నిక్షేపంగా నడుస్తున్నా, దాన్ని అమ్మి సెకండ్ హ్యాండ్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ (టర్బో పెట్రోలు రకం) కొనాలన్న కోరిక హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కిన చాలామందికి కలిగేదే.

శక్తి: 2021 నాటి స్విఫ్ట్ 1.2 లీటర్ల ఇంజిను 90 పీఎస్ శక్తి, 113 ఎన్‌ఎం టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇస్తుంది. 2013లో వచ్చిన జీటీలో అంతే పరిమాణంలో ఉన్న టర్బో ఇంజిను 105 పీఎస్, 175 ఎన్‌ఎం ఇస్తుంది. లారీని దాటేటప్పుడు తేడా తెలిసేది ఆ టార్క్ అంకెలోనే.

ఖర్చు: స్విఫ్ట్ విడిభాగాలు చిన్న పట్టణాల్లోనూ దొరుకుతాయి, మైలేజీ కూడా ఎక్కువే. పోలో తయారీ భారత్‌లో 2022లోనే ఆగిపోయింది. పాత కారు అమ్మినప్పుడు మీ నో క్లెయిమ్ బోనస్‌ను (క్లెయిమ్ చేయనందుకు బీమా ప్రీమియంలో దక్కే తగ్గింపును) కొత్తగా కొనే కారు బీమాకు మార్చుకోవచ్చు. ఈ సంగతి చాలామంది మరచిపోతారు.

రిస్కు: ఇక్కడే ఆగి ఆలోచించాలి. తొలి జీటీలలో ఉన్నది ఏడు గేర్ల, డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో తానే గేర్లు మార్చుకునే గేర్‌బాక్స్. దాన్ని నియంత్రించే మెకట్రానిక్స్ యూనిట్ పాడైతే బిల్లు గుండె గుభేలుమనిపిస్తుంది. కనుక ఇంజిను వేడెక్కాక, అమీర్‌పేట లాంటి రద్దీలో నెమ్మదిగా నడిపి, ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు కుదుపు వస్తుందేమో చూడాలి. వస్తే బేరం కూడా అనవసరం. 2020 నుంచి వచ్చిన 1.0 టీఎస్‌ఐ జీటీలో డీఎస్‌జీకి బదులు టార్క్ కన్వర్టర్ (ద్రవం ద్వారా శక్తిని అందించే) ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటుంది. ధర ఎక్కువైనా నా ఓటు దానికే.

వెనుక సీటులో పెద్దవాళ్లు రోజూ కూర్చునే ఇంటికి, ఒక్క కారే ఉన్నవారికి స్విఫ్టే మేలు. ఇంట్లో రెండో వాహనం, నమ్మకమైన మెకానిక్, మరమ్మతుకు పక్కన పెట్టిన డబ్బు ఉన్నవారు జీటీకి మారవచ్చు.