మూడేళ్లు వాడిన వైఫై ట్యాబ్: మేం ఇల్లు మారాం, దాని లొకేషన్ మారలేదు

2022 దసరాకి ఈ ట్యాబ్ కొన్నాను. పది అంగుళాల స్క్రీను, సిమ్ పెట్టుకునే వీల్లేదు, వైఫై ఒక్కటే. సిమ్ మోడల్ కావాలంటే ఇంకో నాలుగు వేలు పెట్టాలన్నారు. ఇంట్లో కూర్చుని నాన్నగారు చూసుకునేదానికి సిమ్ ఎందుకులే అనుకున్నాను. ఆయన పేపరు చదువుకోవాలి, ప్రవచనాలు వినాలి, పంచాంగం చూసుకోవాలి, నెలనెలా మందులు తెప్పించుకోవాలి. అంతకు మించి దానితో పని లేదు. కంపెనీ పేరు రాయడం లేదు. జీపీఎస్ లేని వైఫై ట్యాబ్ ఎవరిది కొన్నా ఇదే ఎదురవుతుంది కాబట్టి ఒకరి పేరు పెట్టి రాయడం న్యాయం కాదు.

మిగతావి ముందు చెప్పేస్తాను. స్క్రీను ఇప్పటికీ శుభ్రంగా ఉంది, అక్షరాలు పెద్దవి చేసుకుంటే నాన్నగారు కళ్లజోడు లేకుండానే చదువుతారు. బ్యాటరీ మొదట్లో రెండు రోజులు వచ్చేది, ఇప్పుడు ఒక రోజు నిలుస్తోంది. స్పీకర్ల మోత బాగానే ఉంది. ఛార్జింగ్ పిన్ను పెట్టే చోటు ఒకసారి లూజయితే 600 ఇచ్చి బాగు చేయించాను. వీటితో నాకు పేచీ లేదు. దాదాపు ఏడాది పాటు విసిగించింది మాత్రం లొకేషన్.

2023 ఏప్రిల్‌లో రాజమండ్రి దానవాయిపేటలో అద్దె ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్ బాచుపల్లిలో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లోకి వచ్చాం. తొమ్మిదో అంతస్తు. మా బ్లాకులో అప్పటికి దిగినవి నాలుగైదు కుటుంబాలే, అవీ కింది అంతస్తుల్లో. రాజమండ్రిలో సొంతంగా కొనుక్కున్న వైఫై రూటర్‌నీ, వెనక గదికి సిగ్నల్ అందక పెట్టుకున్న ఎక్స్‌టెండర్‌నీ సామానుతో పాటే తెచ్చుకున్నాం. కొత్త నెట్ వాళ్లు పెట్టిన డబ్బాకి ఈ పాత రూటర్ తగిలించాం. అదే పేరు, అదే పాస్‌వర్డ్ కాబట్టి ట్యాబ్ దానంతటదే కనెక్టయింది.

తేడా మొదట పట్టుకున్నది నాన్నగారే. మే నెలాఖరులో ఒక పొద్దున్న బాల్కనీలో అర్ఘ్యం ఇచ్చి వచ్చి, "అమ్మాయ్, ఈ పంచాంగం లెక్క తప్పుతోందే" అన్నారు. ట్యాబ్‌లో సూర్యోదయం 5:28 అని ఉంది. ఆ రోజు పేపరు హైదరాబాద్ ఎడిషన్‌లో 5:41 అని ఉంది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. పేపరు అంచు మీదే పెన్సిలుతో లెక్క వేశారు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. రాజమండ్రి రేఖాంశం దాదాపు 81.8 డిగ్రీలు, బాచుపల్లిది 78.4. తేడా 3.4 డిగ్రీలు, అంటే 13 నిమిషాల పైచిలుకు. పెన్సిలు కింద పెట్టి, "ఇది మనం ఇంకా రాజమండ్రిలోనే ఉన్నామనుకుంటోందమ్మా" అన్నారు. అప్పుడు మ్యాప్ తెరిచి చూశాను. నీలం చుక్క దానవాయిపేటలో మా పాత సందులో ఉంది. ఊరు ఒక్కటే కలవడం కాదు, ఆ ఇంటి మీదే ఉంది.

రెండు ఊళ్లూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి ఏడాది పొడుగునా తేడా ఆ 13 నిమిషాల దగ్గరే ఉంటుంది. రాహుకాలం, దుర్ముహూర్తం కూడా సూర్యోదయాన్ని బట్టి లెక్కగట్టేవే కదా, అవీ అంతే ముందుకు జరిగిపోయాయి. పంచాంగం యాప్‌లో ఊరు చేత్తో ఎంచుకోవచ్చు. హైదరాబాద్ అని పెట్టేశాను, ఆ పూటకి ఆ గొడవ తీరింది.

మందుల విషయంలో మాత్రం అంత తేలిగ్గా తీరలేదు. జూన్‌లో నాన్నగారు ట్యాబ్‌లోంచే బీపీ మందులు ఆర్డరు పెట్టారు. ఆ యాప్ 'ప్రస్తుతం మీరున్న చోటు' అని చూపిస్తే సరేనని నొక్కారు. ఎంతకీ రావు. మధ్యాహ్నం దానవాయిపేట ఇంట్లో ఇప్పుడుంటున్న ఆవిడ ఫోన్ చేశారు. "మాస్టారూ, మీ పేరున ఏవో మందులు వచ్చాయండి. కుర్రాడు గుమ్మంలో నించున్నాడు, తీసుకోమంటారా?" ఆవిడ మంచితనం కొద్దీ తీసుకుని దాచారు. ఇక్కడ నాన్నగారికి రెండు పూటల మాత్ర తప్పింది. అప్పుడే దీని సంగతి పూర్తిగా తేల్చుకోవాలనుకున్నాను.

ఏ ట్యాబ్‌లోనైనా జీపీఎస్ ఉంటుందని నేను అనుకునేదాన్ని. జీపీఎస్ అంటే 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలు వినే చిప్పు. నాలుగు ఉపగ్రహాలు అందితే తానెక్కడుందో తనే లెక్క తేల్చుకుంటుంది, నెట్‌తో పని లేదు. చాలా వైఫై ట్యాబ్‌లలో ఆ చిప్పే ఉండదు. ఐప్యాడ్లలో కూడా సిమ్ మోడళ్లకే జీపీఎస్ ఉంటుంది, వైఫై మోడళ్లకి ఉండదు. నా ట్యాబ్ పెట్టె మీద సన్న అక్షరాల్లో చూస్తే ఆ మాటే లేదు.

చిప్పు లేని ట్యాబ్ చుట్టుపక్కల రూటర్లనే అడుగుతుంది. తనకు వినపడుతున్న రూటర్ల నంబర్లు, ఏది ఎంత గట్టిగా వినపడుతోందో, ఇవన్నీ గూగుల్ లాంటి వాళ్ల సర్వర్‌కి పంపిస్తుంది. వాటికి కనెక్ట్ కానక్కర్లేదు, పాస్‌వర్డ్ తెలియనక్కర్లేదు. ఏ నంబరు రూటర్ ఎక్కడుందో ఆ సర్వర్ దగ్గర పెద్ద పట్టిక ఉంటుంది, దాన్ని చూసి 'మీరిక్కడ ఉన్నారు' అని చెబుతుంది. ఆ పట్టికని నింపేది జీపీఎస్ ఉన్న ఫోన్లు. మన వీధిలో ఎవరో ఫోన్ జేబులో వేసుకుని నడిచి వెళ్తుంటే, ఆ చోట ఏయే రూటర్లు వినపడ్డాయో ఆ ఫోన్ చెబుతూ పోతుంది. 2010 దాకా వీధుల ఫొటోలు తీసే గూగుల్ కార్లు కూడా ఈ పని చేసేవి. అభ్యంతరాలు వచ్చాక కార్లతో సేకరించడం ఆపేశారు.

రూటర్‌ని తిరగేసి కింది స్టిక్కర్ చూశాను. ఒక మూల అరిగిపోయింది గానీ నంబరు కనపడుతోంది. రెండేసి చొప్పున ఆరు జతలు, మొత్తం 12 గుర్తులు, అంకెలూ అక్షరాలూ కలిసి ఉన్నాయి. నాన్నగారు భూతద్దం పెట్టి చదివి, "ఆధార్ నంబరులా 12 ఉన్నాయే" అన్నారు. నిజంగా ఆ పోలిక సరిగ్గా కుదిరింది. అప్పటికి మా ఆధార్‌లో కూడా దానవాయిపేట అడ్రసే ఉంది. మనిషి ఊరు మారినా కార్డులో పాత అడ్రసు ఉండిపోయినట్టు, రూటర్ ఊరు మారినా పట్టికలో పాత చోటే ఉండిపోయింది.

చుట్టూ తెలిసిన రూటర్లు పది ఉంటే, వాటి మధ్య ఒక్కటే తేడాగా ఉందని సర్వర్ కనిపెట్టగలదు. మాకు ఆ అవకాశం లేకపోయింది. పక్క ఫ్లాట్లు ఖాళీ. ఉన్న కొద్ది రూటర్లు కూడా కొత్తవి, పట్టికలోకి ఎక్కనివి. మాది చూస్తే, రూటర్ రెండు బ్యాండ్లలో రెండు నంబర్లతో పలుకుతుంది, ఎక్స్‌టెండర్ ఇంకో నంబరుతో పలుకుతుంది. ముగ్గురు సాక్షులూ కూడబలుక్కున్నట్టు రాజమండ్రి అని చెబుతుంటే సర్వర్ నమ్మక ఏం చేస్తుంది? కింద రోడ్డు మీద వెళ్లే ఫోన్లు సరిదిద్దుతాయనుకుంటే, తొమ్మిదో అంతస్తులో ఉన్న రూటర్ సిగ్నల్ అంత కిందికి దిగదు.

చేసి చూసినవన్నీ రాస్తాను, వేరేవాళ్లకి పనికొస్తాయి. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి ఇచ్చారు, ఫలితం లేదు. ట్యాబ్‌ని మొత్తం రీసెట్ చేశాను, నాన్నగారు దాచుకున్న ఫొటోలు మళ్లీ ఎక్కించుకునే పని మిగిలింది తప్ప చుక్క కదల్లేదు. వైఫై పేరు మార్చాను. ఊరికే పేరు మారిస్తే లొకేషన్ మారదు, పట్టికలో చోటు చెప్పేది ఆ 12 గుర్తుల నంబరే.

తర్వాత తెలిసింది, 2011లోనే గూగుల్ ఒక వెసులుబాటు ఇచ్చిందని. వైఫై పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి, ఎన్, ఓ, ఎమ్, ఏ, పీ అని ఐదు చిన్న ఇంగ్లిష్ అక్షరాలు చేరిస్తే, ఆ రూటర్‌ని లొకేషన్ లెక్కలోంచి తీసేస్తారు. రూటర్ పేరుకీ ఎక్స్‌టెండర్ పేరుకీ రెండింటికీ చేర్చాను. కొన్నాళ్లకి రాజమండ్రి పోయింది. ఈసారి మ్యాప్ చెన్నై చూపించింది!

నాన్నగారికి కంగారు పుట్టింది గానీ నాకు అది కాస్త దారి చూపించినట్టయింది. రాజమండ్రి చూపించినప్పుడు నీలం చుక్క చుట్టూ ఉన్న లేత వలయం చాలా చిన్నది, ఇంటి పైకప్పు అంత. చెన్నై చూపించినప్పుడు వలయం ఊరంతా పరుచుకుంది. వలయం చిన్నదిగా ఉండి చోటు తప్పయితే అది పాత రూటర్ పని. వలయం ఊరంత ఉంటే రూటర్లేవీ పట్టికలో దొరక్క, ఐపీ అడ్రస్‌ని బట్టి ఊహించారని అర్థం. ఐపీ అడ్రస్ అంటే మన నెట్ కనెక్షన్‌కి నెట్ కంపెనీ ఇచ్చే నంబరు. వాళ్ల లైన్లు ఏ ఊరి నుంచి బయటి ఇంటర్నెట్‌లో కలుస్తాయో, ఆ అడ్రస్‌లు ఏ ఊరి పేరున నమోదయ్యాయో ఆ ఊరే కనపడుతుంది. బ్రౌజర్‌లో వాతావరణం చూస్తే వేరే ఊరు రావడానికి కూడా చాలాసార్లు కారణం ఇదే. దాన్ని ట్యాబ్‌లో సరిచేయలేం. నా అనుభవంలో ఈ రెండింటిలో ప్రమాదం చిన్న వలయంతోనే. ఊరంత వలయం చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, ఇంటంత వలయం చూస్తే నమ్మేస్తారు.

ఈ ఐపీ లెక్క తప్పితే బాధ ఎవరి మీద పడుతుందో చెప్పే ఉదంతం ఒకటి 2016లో బయటికొచ్చింది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పొలం ఉంది. ఐపీ అడ్రస్‌ల పట్టిక తయారుచేసే కంపెనీ, అమెరికాలో ఉందని తప్ప ఇంకేమీ తెలియని అడ్రస్‌లన్నిటికీ దేశం నడిమధ్య అని ఆ చోటు రాసి పెట్టింది. అలాంటివి 60 కోట్లకు పైగా ఆ పొలం మీద పడ్డాయి. ఎక్కడ ఏ మోసం జరిగినా పోలీసులు, అధికారులు, డబ్బు పోయినవాళ్లు ఆ ఇంటి తలుపు తట్టేవాళ్లు. ఏళ్ల తరబడి వాళ్లకి కారణం తెలియలేదు. అది చదివినప్పుడు దానవాయిపేట గుమ్మంలో నిలబడిన ఆవిడ గుర్తొచ్చారు. ట్యాబ్ మాది, నడి ఎండలో తలుపు తీయాల్సి వచ్చింది ఆవిడకి.

2024 మొదట్లో పక్క ఫ్లాట్లలోకి జనం వచ్చారు. వాళ్ల రూటర్లు మా ట్యాబ్‌కి వినపడుతున్నాయి గానీ పట్టికలో లేవు. నా ఫోన్‌లో జీపీఎస్ ఉంది. సెట్టింగ్స్‌లో లొకేషన్ యాక్యురసీ అన్నది ఆన్ చేసి, సాయంత్రాలు ఆకాశం కనపడే బాల్కనీలో మ్యాప్ తెరిచి పదేసి నిమిషాలు కూర్చునేదాన్ని. నెల తిరిగేసరికి చుక్క బాచుపల్లికి వచ్చింది. అంతా నా ఫోన్ పుణ్యమే అనను, ఈలోగా బ్లాకు నిండింది, అందరి ఫోన్లూ తలో చేయి వేసి ఉంటాయి. ఇప్పుడు చుక్క మా బ్లాకు లిఫ్టు దగ్గర ఉంటుంది, ఒక్కోసారి పక్క బ్లాకు పార్కింగ్ మీదికి వెళ్తుంది. ఇంట్లో వాడుకునేదానికి అది చాలు.

ప్రయాణంలో మాత్రం దీన్ని నమ్ముకోకండి. సంక్రాంతికి రాజమండ్రి వెళ్తూ నా ఫోన్ హాట్‌స్పాట్‌తో ట్యాబ్‌లో మ్యాప్ పెట్టాం. సూర్యాపేట దగ్గర ఆగిన చుక్క, రోడ్డు పక్క ఊళ్లు వచ్చినప్పుడల్లా ఒక గెంతు గెంతింది. మధ్యలో పొలాల దగ్గర కదల్లేదు. పక్కనే నా ఫోన్‌లో మాత్రం కారుతో పాటే నడిచింది.

ఇంకో చిన్న సంగతి. ఒకటి రెండు కిలోమీటర్ల తేడా మాత్రమే వస్తుంటే, ముందు సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి ప్రిసైజ్ లొకేషన్ అనుమతి ఇచ్చారో లేదో చూసుకోండి. ఆండ్రాయిడ్ 12 నుంచి సుమారు చోటు మాత్రమే చెప్పే వీలు కూడా ఉంది. మా చిన్నాన్న ట్యాబ్‌లో తప్పు అదే, ఒక్క బటన్‌తో సరిపోయింది.

కొనేవాళ్లకి నేను చెప్పేది, వివరాల పట్టీలో జీపీఎస్ అన్న మాట ఉందో లేదో చూసి కొనండి. వైఫై మోడళ్లలో కూడా కొన్నిటికి ఉంటుంది. పరీక్షించుకోవాలంటే వైఫై ఆపేసి ఆరుబయట నిలబడి రెండు మూడు నిమిషాలు చూడాలి, చిప్పు ఉంటే దొరుకుతుంది. పెద్దవాళ్లు మందులకీ, ఉన్న చోటు మనకి పంపడానికీ వాడతారనుకుంటే ఆ నాలుగు వేలూ వెనకాడకుండా పెట్టండి. ఈ ట్యాబ్‌కి స్క్రీను, బ్యాటరీ, మన్నిక చూసి ఐదుకి నాలుగు ఇస్తాను. లొకేషన్‌కి ఒకటే.

పోయిన నెల కొత్త రూటర్ కొన్నాం. పాతది కాకినాడలో ఉన్న తమ్ముడు అడిగాడు. పేరు చివర ఆ ఐదు అక్షరాలూ అలాగే ఉంచి, ఎందుకున్నాయో కాగితం మీద రాసి స్టిక్కర్ పక్కన అంటించి పంపాను.